పక్క కాలేజీతో ఆడనివ్వని పటం

గన్నవరం పశువైద్య కళాశాల వాలీబాల్ జట్టు అధికారిక పోటీకి బయల్దేరితే దాని ప్రత్యర్థులు తిరుపతిలోనో, ప్రొద్దుటూరులోనో, విజయనగరం జిల్లా గరివిడిలోనో ఉంటారు. తిరుపతికి దాదాపు 400 కిలోమీటర్లు. గరివిడి కూడా ఇంచుమించు అంతే. అదే జాతీయ రహదారి మీద, కూతవేటు దూరంలో, చిన్నఅవుటపల్లిలో వైద్య కళాశాల ఉంది. ఏలూరు వైపు ఇంకాస్త ముందుకు వెళితే తేలప్రోలులో ఇంజినీరింగ్ కాలేజీ. ఇటు 20 కిలోమీటర్లు వస్తే విజయవాడ, అక్కడ వీధికొక డిగ్రీ కాలేజీ. ఇంటర్ కాలేజియేట్ పోటీల లెక్కలో వీటిలో ఏ ఒక్కటీ గన్నవరం కుర్రాళ్లకు ప్రత్యర్థి కాదు.

కారణం చాలా మామూలుది. పశువైద్య కళాశాల తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందిది. చిన్నఅవుటపల్లి వైద్య కళాశాల డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి అనుబంధం. ఇంజినీరింగ్ కాలేజీ కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలో ఉంది. డిగ్రీ కాలేజీలు మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయానివి. ఇంటర్ కాలేజియేట్ అంటే ఒకే విశ్వవిద్యాలయం గొడుగు కింద ఉన్న కాలేజీల మధ్య పోటీ. ఆ గొడుగును పరీక్షలు పెట్టడానికి, పట్టాలు ఇవ్వడానికి కుట్టారు. దాని నీడ ఎంతవరకు పడితే అంతవరకే ఆట. దూరాన్నీ, స్థాయినీ, ఆడేవాళ్ల అవసరాన్నీ చూసి కాలేజీల క్రీడా పటాన్ని గీసే వ్యవస్థ మన దగ్గర ఏనాడూ లేదు. పాలనా పటం మారినప్పుడల్లా క్రీడా పటం దాని వెనకే ఈడ్చుకుపోతోంది.

ఈ ఈడ్పు ఎంత పాతదో చూడాలంటే మచిలీపట్నం నోబుల్ కాలేజీని తీసుకోవచ్చు. ఉన్నచోటు నుంచి కదలకుండానే అది నాలుగు విశ్వవిద్యాలయాలు మారింది. మొదట మద్రాసు, 1926 తర్వాత ఆంధ్ర, 1976లో నాగార్జున, 2008లో కృష్ణా. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు మొదలైందే బెజవాడలో, 1930లో వాల్తేరుకు తరలింది. ఆ లెక్కన విజయవాడ కుర్రాళ్లకు ఒకప్పుడు శ్రీకాకుళం కాలేజీల వాళ్లు అధికారిక ప్రత్యర్థులు. నాగార్జున వచ్చాక ఆ పరిధి తగ్గింది. తగ్గడం మంచిదే, బస్సులో పోయి రావడానికి వీలైన కాలేజీలు ఒక గూట్లోకి చేరాయి. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల కాలేజీలు మూడు దశాబ్దాలకు పైగా ఒకదానితో ఒకటి తలపడ్డాయి. యాదృచ్ఛికంగానే అయినా, క్రీడలకు సరిపోయే కొలత ఆ కాలంలో దొరికింది.

2008లో ఆ కొలత పోయింది. జిల్లాకో విశ్వవిద్యాలయం అన్న విధానంలో భాగంగా కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ విధానం మీద నాకు అభ్యంతరం లేదు. మార్కుల జాబితాలో తప్పు దిద్దించుకోవడానికి తిరువూరు నుంచి నాగార్జున నగర్ దాకా పోవాల్సిన అవస్థ తప్పించడం న్యాయమే. కానీ ఆ గీత సరిగ్గా కృష్ణానది మీద పడింది. ప్రకాశం బ్యారేజీకి ఇటు లయోలా, ఎస్సార్రార్ సీవీఆర్, పీబీ సిద్ధార్థ కాలేజీలు. అటు గుంటూరులో ఏసీ కాలేజీ, హిందూ కాలేజీ, జేకేసీ. రెండు నగరాల మధ్య దూరం 35 కిలోమీటర్లు. సినిమా ఆటకు వచ్చిపోయేంత దగ్గర. ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో మాత్రం ఇప్పుడు ఒకరికొకరు ఎదురుపడరు. రెండు వైపులా మెరికల్లాంటి ఆటగాళ్లను ఏరి కూర్చిన విశ్వవిద్యాలయ జట్లు అంతర్ విశ్వవిద్యాలయ సౌత్ జోన్ పోటీల్లో, ఏ తమిళనాడులోనో కర్ణాటకలోనో, డ్రా కలిసొస్తే తలపడతాయి. విజయవాడ, గుంటూరు జట్లు ఆడుకోవడానికి కోయంబత్తూరు దాకా పోవాలా?

2022లో ఒంగోలులో ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయం ఏర్పడి ప్రకాశం జిల్లా కాలేజీలు కూడా నాగార్జున నుంచి విడిపోయాయి. అదే ఏడాది ఏప్రిల్ 4న జిల్లాల పటం మారింది. గన్నవరం మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలో మిగిలింది, పక్కనే ఉన్న విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. విజయవాడ కాలేజీలు ఇప్పటికీ కృష్ణా విశ్వవిద్యాలయం కిందే ఉన్నాయి కాబట్టి క్రీడలకు సంబంధించి ఆ చీలిక ఇంకా తెలియడం లేదు. కొత్త జిల్లాకు కొత్త విశ్వవిద్యాలయం అన్న మాట ఎప్పుడైనా లేస్తే గన్నవరం డిగ్రీ కాలేజీకి విజయవాడ కూడా పరాయిదవుతుంది. ఇది ఊహే. గతంలో జరిగినవన్నీ చూస్తే అసాధ్యమైన ఊహ మాత్రం కాదు.

పశువైద్య కళాశాల కథ ఇంకా విచిత్రం. 1998లో అది మొదలైనప్పుడు వ్యవసాయ, ఉద్యాన, పశువైద్య కళాశాలలన్నీ ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉండేవి. అంటే బాపట్ల వ్యవసాయ కళాశాల గన్నవరానికి తోబుట్టువు, సుమారు 100 కిలోమీటర్ల దూరంలో సాటి ప్రత్యర్థి. 2005లో పశువైద్యానికి వేరే విశ్వవిద్యాలయం, 2007లో ఉద్యానానికి వెంకటరామన్నగూడెంలో ఇంకొకటి. 2014లో రాష్ట్రం విడిపోయాక రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలోకి వెళ్లింది. దగ్గరున్న బాపట్ల పోయింది, పాత మిత్రుడు రాజేంద్రనగర్ పోయింది, రాష్ట్రం రెండు కొసల ఉన్న ప్రొద్దుటూరు, గరివిడి వచ్చి చేరాయి. ఇప్పుడు బాపట్ల కుర్రాడూ గన్నవరం కుర్రాడూ ఒకే మైదానంలో దిగాలంటే భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రోత్సాహంతో జరిగే అఖిల భారత వ్యవసాయ విశ్వవిద్యాలయాల క్రీడోత్సవం దాకా ఆగాలి. అది ఏ రాష్ట్రంలో జరిగితే అక్కడికి రైలెక్కాలి. ఈ విభజనల మీద ఫైళ్లు నడిచినప్పుడు ఆస్తులు, అప్పులు, సిబ్బంది పంపకం గురించి పేజీలకు పేజీలు రాసి ఉంటారు. ఆటల గురించి ఒక్క వాక్యమైనా రాశారా అన్నది నా అనుమానం. అన్నట్టు ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో ఒకసారి, 2024లో తిరిగి ఒకసారి మారింది. చిన్నఅవుటపల్లి విద్యార్థుల ప్రత్యర్థులు మాత్రం మారలేదు.

పాలన చీల్చిన పటాన్ని హోదా ఇంకోవైపు నుంచి చీలుస్తోంది. 2008లో వడ్లమూడి విజ్ఞాన్, 2009లో వడ్డేశ్వరం కేఎల్ డీమ్డ్ విశ్వవిద్యాలయాలయ్యాయి. 2017 నుంచి అమరావతిలో విట్, ఎస్ఆర్ఎం ప్రైవేటు విశ్వవిద్యాలయాలుగా నడుస్తున్నాయి. కానూరులో 1977లో పుట్టిన వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీ కూడా ఇటీవల డీమ్డ్ హోదాలోకి వెళ్లింది. హోదా వచ్చిన మరునాటి నుంచి ఆ సంస్థ ఇంటర్ కాలేజియేట్ మెట్టు ఎక్కనక్కర్లేదు. భారత విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు నేరుగా జట్టును పంపుతుంది. వందకు పైగా కాలేజీలున్న కృష్ణా విశ్వవిద్యాలయానికి సౌత్ జోన్‌లో ఒక జట్టు, ఒకే ప్రాంగణమున్న డీమ్డ్ సంస్థకూ ఒక జట్టు.

ఇందులో అన్యాయం ఎవరికి? పైకి చూస్తే ప్రాంగణం చిన్నదైన డీమ్డ్ సంస్థకే నష్టం అనిపిస్తుంది. జరుగుతున్నది దానికి తలకిందులు. ఫీజు మినహాయింపు, హాస్టల్, కోచ్ ఇచ్చి ఆటగాళ్లను ఏరి తెచ్చుకునే శక్తి ఆ సంస్థలకుంది. విజయవాడ విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ చదివింది కేఎల్‌లోనే. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో మేటిగా నిలిచిన విశ్వవిద్యాలయానికి ఇచ్చే మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. 1956-57 నుంచి ఉన్న ఆ ట్రోఫీని అత్యధికంగా గెలుచుకున్నవి వందలాది అనుబంధ కాలేజీలున్న పంజాబ్ ప్రాంతపు విశ్వవిద్యాలయాలు, ముఖ్యంగా అమృత్‌సర్ గురునానక్ దేవ్. 2024 ట్రోఫీ తొలిసారిగా ఒక ప్రైవేటు సంస్థకు, చండీగఢ్ యూనివర్సిటీకి వెళ్లింది. బలం అనుబంధ వ్యవస్థ నుంచి ఏక ప్రాంగణాలకు జారుతోంది. బలమైన కాలేజీ ఒక్కొక్కటీ గూడు వదిలి వెళ్తుంటే మిగిలిన చిన్న కాలేజీలు తమలో తాము ఆడుకోవాలి. మెరుగైన జట్టుతో ఓడిపోవడం వల్ల వచ్చే లాభం వాళ్లకు దక్కడం లేదు.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకు ఈ తరహా తగువు తెలిసే ఉంటుంది. అక్కడ కాలేజీల క్రీడా సమాఖ్యలు పరీక్షల కోసం పుట్టినవి కావు, కాలేజీలు తమంతట తాము కుదుర్చుకున్న ఒప్పందాలు. ఆ ఒప్పందాలు కూడా చెడతాయి. 2024లో పసిఫిక్ తీరపు పాత సమాఖ్య పాక్-12 నుంచి పది విశ్వవిద్యాలయాలు వెళ్లిపోయి రెండే మిగిలాయి. టెలివిజన్ డబ్బు కోసం స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ వెళ్లి అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న సమాఖ్యలో చేరాయి. లాస్ ఏంజెలిస్ జట్టు సాధారణ లీగ్ మ్యాచ్ కోసం న్యూజెర్సీకి విమానం ఎక్కుతోంది. దీన్ని చూసి నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. నేర్చుకోవాల్సింది చిన్న కాలేజీల దగ్గర ఉంది. 1971లో ఏర్పడి, క్రీడా స్కాలర్‌షిప్పులు ఇవ్వని మూడో డివిజన్‌లో ఆడే న్యూ ఇంగ్లండ్ చిన్న కాలేజీల సమాఖ్య ఇప్పటికీ పదకొండు కాలేజీలతో, ఆ ప్రాంతం గీత దాదాపు దాటకుండా నడుస్తోంది. విలియమ్స్, ఆమ్‌హర్స్ట్, బోడిన్ లాంటి పేరున్న కాలేజీలు అవి. వాటికి పెద్ద సమాఖ్యల వెంట పడే స్తోమత లేక కాదు, అక్కర్లేక. ఎవరి పట్టా వారిదే, ఎవరి పాలన వారిదే. ఆటకు మాత్రం ఒక్క పట్టిక.

అలాంటి పట్టిక మనకు ఎందుకు కావాలో ఇంటర్ కాలేజియేట్ పోటీ జరిగే తీరు చూస్తే అర్థమవుతుంది. ఒక కాలేజీ ఆతిథ్యమిస్తుంది. రెండు మూడు రోజుల్లో నాకౌట్ పద్ధతిలో అంతా ముగియాలి. చాలా చిన్న కాలేజీల జట్లు పొద్దున వచ్చి, మొదటి మ్యాచ్ ఓడి, మధ్యాహ్నం భోజనం చేసి తిరుగు బస్సెక్కుతాయి. ఏడాది మొత్తానికి వాళ్లు ఆడిన అధికారిక కబడ్డీ నలభై నిమిషాలు. అదే మైదానంలో మరుసటి రోజు విశ్వవిద్యాలయ జట్టుకు సెలక్షన్స్ జరుగుతాయి, గెలిచిన జట్ల వాళ్లే ఎక్కువగా కళ్లలో పడతారు. వ్యాయామ అధ్యాపకుడి (పీడీ) పోస్టు ఖాళీగా ఉన్న కాలేజీలో తెలుగు మాస్టారో, కామర్స్ మేడమో జట్టు వెంట వస్తారు. ఈ పద్ధతిలో ఆటగాడు తయారుకాడు, ముందే తయారైనవాడు ఎంపికవుతాడు.

విలువిద్య, చదరంగం, వెయిట్‌లిఫ్టింగ్ లాంటి వ్యక్తిగత ఆటలకు ఇది పెద్ద అడ్డంకి కాదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి ఆమెకు ఏ ఇంటర్ కాలేజియేట్ పోటీతోనూ పని పడలేదు. జ్యోతి సురేఖకు లక్ష్యం, విల్లు, గురువు ఉంటే సాధన సాగింది. వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బాస్కెట్‌బాల్ అలా కుదరవు. జట్టు ఆటకు ఎదురుగా ఇంకో జట్టు ఉండాలి, అదీ తరచుగా, తెలిసిన జట్టు. గత నెల మనల్ని ఓడించిన సెట్టర్ ఈసారి ఎటు లేపుతాడో పసిగట్టడం దగ్గర జట్టు ఆట మొదలవుతుంది. వ్యక్తిగత ఆటల్లో ఈ ప్రాంతం ప్రపంచ స్థాయికి వెళ్లడానికీ, కాలేజీ జట్టు ఆటల్లో ఆ వెలుగు కనపడకపోవడానికీ మధ్య ఇదొక్కటే కారణమని అనను. ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి అంటాను.

అమ్మాయిల విషయంలో దూరం ఇంకా బరువవుతుంది. రాత్రికి ఇల్లు చేరే మ్యాచ్ అయితే పంపుతాం, రెండు రాత్రులు బయట ఉండాలంటే వద్దు అనే తల్లిదండ్రులు ఈ డెల్టా పల్లెల్లో ఎందరో. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఉయ్యూరు నుంచి గన్నవరం వచ్చి ఆడి చీకటి పడేలోపు వెళ్లిపోయే పోటీ ఉంటే ఆడే అమ్మాయిలు, తిరుపతి ప్రయాణం అనేసరికి జట్టు నుంచి పేరు తీయించుకుంటారు. ఆట వదిలేసే అమ్మాయిల గురించి బాధపడే ఉపన్యాసాలు చాలా విన్నాం. ప్రయాణ దూరం తగ్గించడం ఆ ఉపన్యాసాలన్నిటి కంటే పనికొస్తుంది.

ఇక రాబోయే మార్పు అన్నిటికంటే పెద్దది. 2020 జాతీయ విద్యా విధానం అనుబంధ వ్యవస్థనే పదిహేనేళ్లలో దశలవారీగా ఎత్తేయాలంది. ప్రతి కాలేజీ పట్టాలిచ్చే స్వయంప్రతిపత్తి సంస్థ కావాలి, లేదా విశ్వవిద్యాలయంలో అంతర్భాగం కావాలి. అది ఎంతవరకు జరుగుతుందో, అనుకున్న గడువులో జరుగుతుందో లేదో వేరే చర్చ. కొంతవరకు జరిగినా చాలు, ఇంటర్ కాలేజియేట్ అన్న పునాది కదులుతుంది. అనుబంధమే లేనప్పుడు ఏ కాలేజీ ఏ కాలేజీతో ఆడాలి? లయోలా, పీబీ సిద్ధార్థ లాంటి పెద్ద కాలేజీలు సొంతంగా సౌత్ జోన్‌కు వెళ్లగలవేమో. గన్నవరంలోనో పామర్రులోనో మూడొందల మంది విద్యార్థులున్న కాలేజీ ఎక్కడికి వెళ్తుంది? విధాన పత్రంలో క్రీడల ప్రాముఖ్యం గురించి మంచి మాటలున్నాయి. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు లేదు.

జవాబు మన దగ్గరే ఉంది, బడి పిల్లల ఆటల్లో. బడుల మధ్య జరిగే పోటీలను కోస్తా జిల్లాల్లో పాత తరం ఉపాధ్యాయులు ఇప్పటికీ గ్రిగ్ పోటీలు అనే అంటారు. ఆ పోటీల్లో జిల్లా పరిషత్ బడి, ఎయిడెడ్ బడి, మిషనరీ బడి ఒకే జోన్‌లో ఆడేవి. జోన్ అంటే సైకిల్ మీదో, బస్సులోనో వెళ్లి రాగలిగినంత దూరం. యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్న ఆట మొదలయ్యాక రాదు. బడి స్థాయిలో ఎన్నో ఏళ్లు నడిచిన ఈ ఇంగితం కాలేజీ గేటు దగ్గర ఎందుకు ఆగిపోవాలి? గన్నవరం చుట్టూ నలభై కిలోమీటర్ల గీత గీస్తే విజయవాడ, గుడివాడ, ఉయ్యూరు, నూజివీడు, హనుమాన్ జంక్షన్ అందులోకి వస్తాయి. ఆ గీత లోపలున్న డిగ్రీ, ఇంజినీరింగ్, వైద్య, పశువైద్య కాలేజీలు, డీమ్డ్ సంస్థలు కలిసి ఒక ప్రాంతీయ లీగ్ నడుపుకోవచ్చు. శనివారాల్లో మ్యాచ్‌లు, ఒకసారి మన మైదానంలో, ఒకసారి వాళ్ల మైదానంలో. బలాన్ని బట్టి రెండు అంతస్తులు పెట్టి, ఏటా కింది నుంచి రెండు జట్లు పైకి, పై నుంచి రెండు కిందికి.

అడ్డంకులు లేవని కాదు. వాటిలో అన్నిటికంటే గట్టిది సర్టిఫికెట్. ఉద్యోగాల క్రీడా కోటాలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీలో పాల్గొన్నవారికి ఫారం-3 అనే ధ్రువపత్రం పనికొస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం 2024 క్రీడా విధానంలో ఆ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది కూడా. శనివారం లీగ్‌లో ఎన్ని మ్యాచ్‌లు గెలిచినా ఆ కాగితం రాదు. కాగితం రాని ఆటకు మంచి ఆటగాడు ఎందుకు వస్తాడు అన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే లీగ్‌ను అంతర్ విశ్వవిద్యాలయ పోటీకి బదులుగా పెట్టమని ఎవరూ అడగడం లేదు. విశ్వవిద్యాలయ జట్టు సెలక్షన్స్‌లో లీగ్ ప్రదర్శనకు కొన్ని మార్కులు కేటాయిస్తే చాలు, కాగితం కోరేవాడు కూడా శనివారం మైదానానికి వస్తాడు. ఆ నిర్ణయం తీసుకునే అధికారం ప్రతి విశ్వవిద్యాలయ క్రీడా మండలికి ఇప్పుడే ఉంది.

పరీక్షల క్యాలెండర్ రెండో చిక్కు. వైద్య విద్యార్థుల పరీక్షలు, డిగ్రీ సెమిస్టర్లు, ఇంజినీరింగ్ మిడ్ పరీక్షలు ఒకేసారి రావు, ఒకేసారి అయిపోవు. ఏడాదంతా నడిచే లీగ్‌లో ఒక మ్యాచ్ వాయిదా వేసుకోవచ్చు. మూడు రోజుల నాకౌట్‌లో ఆ వెసులుబాటు ఉండదు. కాబట్టి ఈ అభ్యంతరం నిజానికి లీగ్ వైపే మొగ్గుతుంది. మూడోది డబ్బు. ప్రతి విద్యార్థి దగ్గరా క్రీడా రుసుము వసూలవుతూనే ఉంది. 400 కిలోమీటర్ల ప్రయాణం, బస, టీఏ డీఏలకు అయ్యే ఖర్చుతో నలభై కిలోమీటర్ల లోపు ఎన్ని మ్యాచ్‌లు ఆడించవచ్చో కాలేజీ గుమాస్తా అయినా లెక్క చెప్పగలడు.

పెద్ద కాలేజీలే ఎప్పుడూ గెలుస్తాయి కదా అని కొందరంటారు. గెలవనివ్వండి. ఇప్పుడు కూడా గెలుస్తున్నది వాళ్లే, కాకపోతే చిన్న కాలేజీ ఏడాదికి ఒక్కసారి ఓడి ఇంటికి పోతోంది. పన్నెండుసార్లు ఓడిన జట్టు పదమూడోసారి గెలవకపోయినా రెండో సెట్ తీసుకుంటుంది.

దీనికి కొత్త చట్టం, కొత్త సంస్థ, కొత్త భవనం అక్కర్లేదు. కృష్ణా విశ్వవిద్యాలయం, కాకినాడ జేఎన్‌టీయూ, ఆరోగ్య విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం క్రీడా కార్యదర్శులు ఒక గదిలో కూర్చుని ఒప్పందం రాసుకుంటే సరిపోతుంది. ఆ గీత లోపల ఎక్కువ కాలేజీలున్నది కృష్ణా విశ్వవిద్యాలయానికి, కాబట్టి పిలవాల్సిన బాధ్యత దానిదే. డీమ్డ్ సంస్థలను కూడా పిలవాలి. ఈ నేల మీద పెరిగిన ఆటగాళ్లతోనే అవి పేరు తెచ్చుకున్నాయి కాబట్టి రాకపోవడానికి కారణం చెప్పాల్సింది అవే. అన్ని ఆటలూ ఒకేసారి మొదలుపెట్టి చతికిలపడనక్కర్లేదు. వచ్చే విద్యా సంవత్సరంలో వాలీబాల్, కబడ్డీ, అబ్బాయిలకూ అమ్మాయిలకూ సమానంగా మ్యాచ్‌లు పెట్టి మొదలుపెట్టండి. మొదటి మ్యాచ్ గన్నవరం పశువైద్య కళాశాలకూ చిన్నఅవుటపల్లి వైద్య కళాశాలకూ మధ్య జరిపించండి.